పైన పూసిన పసుపు

మంగళవారం ఆళ్లగడ్డలో మా మేనమామ పోయాడు. కబురు తెచ్చినతను "మిఠాయంగడి ఆయప్ప పోయినాడు" అన్నాడు. ఆ అంగడి మూతపడి ఆరేళ్లయింది. ఎందుకు మూతపడిందో ఊళ్లో ఎవరూ మాట్లాడరు. నేను మాట్లాడతాను.

డెబ్బైలలో అంగళ్లన్నీ పొట్లాల్లో వచ్చే రంగులకు మారాయి. మామ మారలేదు. లడ్డుకు పసుపు, హల్వాకు బీట్‌రూట్ రసం. పసుపు కొమ్ములు తనే ఎంచి, తనే దంచేవాడు. లడ్డు కాస్త వెలవెలబోయేది. జొరమొచ్చి లేచినట్టుందే నీ లడ్డు అని పెళ్లివాళ్లు ఎగతాళి చేసేవాళ్లు. "నాలికకు కండ్లు లేవులేప్పా, తిను" అనేవాడు.

అప్పట్లో నేను నంద్యాలలో ఉండి పత్రికలకు రాసేవాణ్ణి. పొట్లాల రంగుల్ని దుమ్మెత్తిపోశాను. చెట్టూచేమా ఇచ్చిన రంగుతో ఏ హానీ లేదని తీర్పు కూడా చెప్పేశాను. మామ ఆ కాగితాన్ని అంగట్లో గోడకు అంటించుకున్నాడు.

ఏళ్ల తరబడి ఎగతాళి భరిస్తే ఎవరికైనా విసుగొస్తుంది. ఒక పెళ్లిళ్ల కాలంలో ఆయన నంద్యాల వచ్చి నిగనిగలాడే కొమ్ములు కొన్నాడు. ఆ నెలంతా లడ్డుకు మెప్పులే. తర్వాత వానకు మూట తడిసింది. రంగంతా గోనెకు దిగి, కొమ్ములు మట్టిరంగులో బయటపడ్డాయి. రెండు తెచ్చి నా చేతిలో పెట్టాడు. తెలిసిన కెమిస్ట్రీ లెక్చరర్ పరీక్ష చేసి చెప్పాడు: సీసం. తలుపులకు వేసే పసుపుపచ్చ రంగులో ఉండేదే.

"బాగానే రాస్తావ్ అల్లుడా. పసుపు చేన్లో పండింది, సరే. దానిమీద పూసింది యాడ పండిందో రాయలేదే?"

మూట పారేసి ఊరుకో మామా అన్నాను. ఊరందరికీ నీతులు చెప్పే నేను అన్న మాట అది.

"తిన్నోళ్లకు చెప్పొద్దా?" అన్నాడు.

అంగడికి వచ్చిన ప్రతి ఒక్కరికీ చెప్పాడు. రంగు పూసినవాణ్ణి ఒక్కరూ అడగలేదు. పసుపు వ్యాపారులు మాత్రం ఇంటికొచ్చి, మా సరుకుమీద ఎందుకు పడతాండావని దబాయించి పోయారు. జనం ఆయన్నే పిల్లలకు విషం పెట్టినవాడన్నారు. పండగ రోజు కూడా అంగడి మెట్లెక్కిన మనిషి లేడు. దాచిపెట్టి ఉంటే పోయేదాకా అమ్ముకుంటూ ఉండేవాడు.

నిన్న పాడె బజారు మీదుగా వెళ్తుంటే వ్యాపారులు మర్యాదకు తలుపులు ఓరగా వేశారు. ఆ సందులోంచి ఒక తక్కెడ కనిపించింది. దాని నిండా తళతళలాడుతున్న కొమ్ములు. ముల్లు ఇంకా ఊగుతూనే ఉంది.