పైడిరాజు మేస్త్రి, నేను రాసిన నాలుగో సూచన

మొన్న చీపురుపల్లిలో పాసింజరు ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. ఎదుటి సీటాయన అరచేతిలో ఖైనీ పొగాకు పోసుకుని, గోటితో కాస్త సున్నం తీసి కలిపి, బొటనవేలితో నలపసాగాడు. చాలాసేపు నలిపి రెండో చేత్తో రెండుసార్లు తట్టాడు. ఆ తట్టుకి లేచిన ఘాటు ముక్కుకి తగలగానే నాకు తుమ్మొచ్చింది. తుమ్ముతో పాటు పైడిరాజు మేస్త్రి గుర్తొచ్చారు. ఆయనా సరిగ్గా రెండుసార్లే తట్టేవారు. మూడోసారి తడితే సరుకంతా గాలికి పోతుందనేవారు.

డిప్లొమా అయ్యాక నా మొదటి ఉద్యోగం విజయనగరం దగ్గర ఒక గోగునార మిల్లులో, మరమ్మతుల విభాగంలో. పేరుకి ఇంజనీరుని నేను. పని తెలిసినవాడు మాత్రం ముప్ఫై ఏళ్లుగా అక్కడ ఫిట్టరుగా ఉన్న పైడిరాజు మేస్త్రి. ప్రతిదీ జాబితాగా రాసుకోవడం నా అలవాటు. మొదటి వారం నేను రాసిన తనిఖీ జాబితాని ఆయన చదివించుకుని విని, "అన్నీ రాసేరు బాబూ. సెయ్యి పెట్టి సూడమని మాత్రం రాయలేదు" అన్నారు. అప్పటినుంచి రోజూ ఒకే వేళకి ఇద్దరం యంత్రాల వెంట నడిచేవాళ్లం. ఆయన వేళ్ల వెనకవైపుతో ఒక్కో బేరింగు మూతనీ తాకి వేడెంతో చెప్పేవారు, నేను రాసేవాణ్ని. ఒకే చోట రెండు రోజులు వేడి కనబడితే మూడో రోజుదాకా చూడకుండా మిషను ఆపి విప్పాలని ఆయన నియమం. ఒకసారి ఉత్పత్తి తగ్గిపోతుందని నేను మిషను ఆపలేదు. బేరింగు బిగుసుకుపోయి షాఫ్టు వంగింది. మేనేజరు ముందు ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. తర్వాత టీ తాగుతూ మాత్రం, "మిషను అబద్దమాడదు బాబూ. మనవే ఇననట్టుంటాం" అన్నారు.

గోగునార మిల్లులో భయమంతా నిప్పు గురించే. దూలాల మీదా మోటార్ల మీదా సన్నటి నార నూగు దూదిలా పేరుకుని ఉంటుంది. ఒక్క నిప్పురవ్వ చాలు. అందుకని గేటు దగ్గరే బీడీలూ అగ్గిపెట్టెలూ తీసేసుకునేవారు. మిల్లులో చేరినవాళ్లు నెల తిరక్కుండా బీడీ నుంచి ఖైనీకి మారిపోయేవారు. అలవాటు ఒకటి పోయి ఇంకొకటి వచ్చిందని ఎవరూ అనుకోలేదు, బాగుపడ్డామనే అనుకున్నారు. "పొగ లేదు, నిప్పు లేదు. ఊపిరితిత్తులకి ఏటవుతాది?" అనేవారు మేస్త్రి. చదువుకున్న నేను మాత్రం తక్కువ తిన్నానా? అగ్నిప్రమాదాలు జరక్కుండా సూచనలు రాయమని మేనేజరు చెబితే, షెడ్డులో బోర్డు మీద పెయింటుతో ఏడు రాశాను. నాలుగోది ఇది: బీడీ మానలేనివారు లోపల ఖైనీ వాడుకోవచ్చు, నిప్పు తేరాదు. మేస్త్రి దాన్ని కూడబలుక్కుని చదివి, ఇంజనీరు బాబే రాశారంటూ అందరికీ చూపించారు. ఆ రోజు నాకు గర్వంగానే ఉంది.

గేరుబాక్సు లోపల పని చేసేటప్పుడు ఫిట్టర్లు చిన్న టార్చిని పళ్ల మధ్య పట్టుకుంటారు, రెండు చేతులూ ఖాళీగా ఉండాలి కనక. టార్చి అలా ఉండగానే మమ్మల్ని తిట్టగలిగిన మనిషి పైడిరాజు మేస్త్రి. ఒక వానాకాలం ఆయన ఆ టార్చి నా చేతికివ్వడం మొదలుపెట్టారు. వయసు మీద పడిందనుకున్నాను. తర్వాత భోజనాల దగ్గర గమనించాను, ఆవకాయ మానేశారు. చారన్నం కూడా ఒక పక్కనే నములుతున్నారు. ఖైనీ ఎడమ చెంప నుంచి కుడి చెంపకి మారింది. ఇవన్నీ వేర్వేరు రోజుల్లో నా నోటు పుస్తకంలో, బేరింగుల పక్కనే రాసుకున్నాను. ఒక మధ్యాహ్నం అన్నీ ఒకచోట చేర్చి చదువుకుంటే భయం వేసింది. వెళ్లి నోరు తెరవమని టార్చి వేశాను. మూడు వేళ్లు పట్టాల్సిన నోట్లో రెండే పట్టాయి. ఎడమ చెంప లోపల, ఏళ్ల తరబడి ఖైనీ పెట్టిన చోటే, తెల్లటి మచ్చ. దాని మధ్యలో ఎర్రగా ఉంది. ఎన్నాళ్లయిందని అడిగితే, "ఎప్పటినుంచో ఉన్నాది. నొప్పెట్టదు" అన్నారు.

నోట్లో పుండైనా మచ్చయినా రెండు వారాల్లో మానకపోతే డాక్టరుకి చూపించాలని చదివిన గుర్తు. అదే చెప్పాను. ఆయన వినలేదు. వాళ్ల చిన్నాన్న కొడుకు ఇలాగే పెద్దాసుపత్రికి వెళ్లి మూడు నెలల్లో పోయాడట. "సూపిస్తే దానికో పేరెడతారు బాబూ. పేరెట్టేదాకా అది మచ్చే" అన్నారు. ఇది ఖైనీ వల్లే వస్తుందని నేను గట్టిగా వాదించాను. ఆయన నా మొహంలోకి చూసి, "మరి మీరే గదా బోర్డు మీద రాసేరు" అన్నారు. అది ఎత్తిపొడుపు కాదు, నిజంగానే అడిగారు.

మర్నాడు షిఫ్టు మారే వేళ, అందరూ ఉండగా, ఆ నాలుగో సూచనని గరుకు కాగితంతో గీకడం మొదలుపెట్టాను. పెయింటు కదా, చాలాసేపు పట్టింది. గీకుతూనే చెప్పాను, ఇది తెలియక రాశానని, పొగ రానంత మాత్రాన పొగాకు మంచిదైపోదని, నోట్లో కేన్సరు తెచ్చేది ఇదేనని. అయితే ఇప్పుడు బీడీలు కాల్చుకోమంటారా బాబూ అని ఎవరో అన్నారు. అందరూ నవ్వారు, మేస్త్రి తప్ప. వాళ్లంతా వెళ్లాక ఆయన నా చేతిలోని కాగితం తీసుకుని, మిగిలిన రెండు మాటలూ తనే గీకేశారు. తర్వాత, "రేపు సెలవెడతాను. మీరూ వస్తారా?" అన్నారు.

ఆసుపత్రిలో చిన్న ముక్క కోసి పరీక్షకి పంపారు. కేన్సరు ఇంకా కాలేదు, కానీ అటు తిరుగుతున్న మచ్చేనన్నారు. దాన్ని కోసి తీసేశారు. తగ్గిస్తే చాలదని, పూర్తిగా మానాలని డాక్టరమ్మ ఖచ్చితంగా చెప్పింది. గుట్కాగానీ వక్కపొడిగానీ బీడీగానీ దానికి బదులు కాదంది. తట్టుకోలేనప్పుడు చప్పరించడానికి నికోటిన్ బిళ్లలు రాసిచ్చి, వాటిని ఎలా తగ్గించుకుంటూ రావాలో చెప్పింది. మేమిద్దరం కోరిక పుట్టే వేళల పట్టిక వేశాం. టీ తాగాక, ఆగిన మిషను మళ్లీ తిరిగాక, ఎవరైనా ఖైనీ ఉన్న అరచెయ్యి చాపినప్పుడు. అన్నిటికంటే కష్టం ఆ చివరిదే. మిల్లులో ఖైనీ పంచుకోవడమంటే పలకరింపు, వద్దంటే మనిషినే వద్దన్నట్టు. ఆయన నీళ్ల సీసా పట్టుకుని అవతలికి నడిచేవారు. రెండుసార్లు తప్పి ఖైనీ వేశారు. రెండుసార్లూ తనే వచ్చి "రాసుకోండి బాబూ" అన్నారు. మూడోసారి రాయాల్సిన అవసరం రాలేదు.

పదవీ విరమణ రోజున దండ వేసి నాలుగు మాటలు మాట్లాడమంటే ఆయన దండ తీసి పక్కన పెట్టారు. అందర్నీ షెడ్డు బయట ఎండలో వరసగా నిలబెట్టి నోళ్లు తెరిపించారు. సిగ్గుపడుతున్న ఒకాయనతో, "తెరు బావా. మా సెల్లి ముందెలాగూ తెరవలేవు" అన్నారు. ఇద్దరి నోళ్లలో మచ్చలు కనబడ్డాయి. వాళ్లలో ఒకడు, మగ్గాల మీద పనిచేసే సన్యాసిరావు, చొక్కా గుండీ తిప్పుకుంటూ, పరీక్షలో ఏదైనా తేలితే ఏం చెయ్యాలని అడిగాడు. నేను వెంటనే ఏ ఆసుపత్రి, ఏ విభాగం, ఏ కాగితాలు అంటూ మొదలుపెట్టాను. మేస్త్రి చేత్తో నన్ను ఆపి, అతని వైపు తిరిగి, "ఏ రోజెల్దాం?" అన్నారు. నేను చెప్పినవన్నీ సరైనవే. కానీ సన్యాసిరావు తలెత్తింది ఆ మాటకే.

ఆ మిల్లు తర్వాత మూతపడింది. మేస్త్రి ఇప్పుడు గజపతినగరం దగ్గర కూతురి ఇంట్లో ఉంటున్నారు, ఆరు నెలలకోసారి నోరు చూపించుకుంటున్నారు. నేను ఎచ్చెర్ల దగ్గర ఇంకో ఫ్యాక్టరీలో పనిచేస్తున్నాను. పోయిన నెల మా క్రేను నడిపే ఆయన, పెదవి లోపల చిన్న పుండు ఉందని, అది మానడం లేదని మాటల్లో అన్నాడు. రెండు వారాలు దాటిందా అని అడిగాను. దాటిందన్నాడు. ఏం చెయ్యాలో వరసగా నా నోటిదాకా వచ్చింది. అది అక్కడే ఆపేసి, గురువారం నేను సెలవు పెడతాను, ఇద్దరం వెళ్దామా అని అడిగాను.