ఎండ చూపకూడని రంగు

"కారు పెట్టి తెప్పించుకుంటా జేజీ. నువ్వు బస్సులో తెస్తే ఆ రంగు సచ్చిపోతాది."

"ఇన్నేండ్లు బస్సుల్లో తిరిగి నేనే సావలా, రంగు సస్తాదా?"

"ఎలుతురు తగలగూడదు, సల్లగుండాల. రేపు పొద్దున పరీక్షకు సారు వస్తాండాడు. అది పోతే నాకు ఇంకో ఏడాది పోయినట్టే."

"సీసాకు కారేందే? పెండ్లికూతురా అది?"

పులివెందుల కాలేజీలో చదివే మనవరాలు సునీత, సెలవులకు వస్తూ వెంట తెచ్చుకుని, ప్రొద్దుటూరులో మా ఫ్రిజ్‌లో మరిచిపోయిన రంగు సీసా గురించి ఫోనులో జరిగిన తగాదా ఇది. గెలిచింది నేనే.

కణం నడుమ కేంద్రకమనే గింజ ఉంటుందట. ఈ రంగు దానికే పట్టి, సూక్ష్మదర్శిని కింద నీలంగా వెలుగుతుందట. చాలా రంగులు పట్టాలంటే కణాన్ని ముందు చంపాలి. ఇది బతికున్నదానికే పడుతుందట. తాను వెలిగే సరుకు వెలుతురుకు ఓర్వదు. పెద్దమనుషుల్లో కూడా ఇలాంటివాళ్లను చూశాను.

సీసాను ఐసుగడ్డల మధ్య స్టీలు క్యారియరులో పెట్టి, నల్లగుడ్డ చుట్టి మూడు ముళ్లు వేశాను. పదిన్నరకు బస్సు. దొరికింది కిటికీ సీటు. ఎండంతా నా ఒళ్లోనే. పక్కన జమ్మలమడుగు ఆమె.

"ఏముండాది పెద్దమ్మా అండ్లో?"

"రంగు."

"యాదీ, రోంత సూపియ్యి."

"సూస్తే సస్తాది."

"సియ్యలకూరైతే సియ్యలకూరని సెప్పు. నేనేం గుంజుకుంటానా?" మాంసం దాస్తున్నాననుకుంది.

ఎర్రగుంట్ల దాటాక కండక్టరు వచ్చాడు. "ఆధార్ సూపియ్యి అవ్వా. ఆడోళ్లకు టిక్కెట్టు దుడ్లు పన్లేదు."

అప్పుడు గుర్తొచ్చింది. దొంగల భయానికి కార్డును క్యారియరు అడుగు గిన్నెలో, సీసా కింద దాచాను.

"డబ్బా తెరిసి తీసుకోరాదా?" అంది పక్కామె.

చెయ్యి ముడి మీదికి పోయింది. విప్పితే ఎండలో సునీత ఏడాది పోతుంది. నడుముసంచి విప్పి దుడ్లు ఇచ్చాను. ఆడవాళ్లకు ఉచితమైన బస్సులో టిక్కెట్టు కొన్న ఆడమనిషిని నేనొక్కదాన్నే.

"శానా ఉన్నోళ్ల మాదిరుండాది" అన్నారు వెనకెవరో. పుట్టి బుద్ధెరిగాక నన్ను ఆ మాట అనడం అదే మొదలు.

వేంపల్లెలో బస్సు మారాను, అక్కడా టిక్కెట్టే. ఆ దుడ్లకు టీ మానుకున్నాను. రెండింటికి పులివెందుల చేరితే సునీత చీకటిగదిలో ముళ్లు విప్పి, అడుగు గిన్నెలో కార్డు చూసింది.

"ఉచిత బస్సులో దుడ్లు పెట్టినావా జేజీ, నువ్వు?"

"కారుకన్నా తక్కువే."

మరునాడు పొద్దున సారు సూక్ష్మదర్శినిలో చాలాసేపు చూసి, "కణాలు బతికే ఉన్నాయమ్మా" అన్నారు. నన్నూ చూడమన్నారు. నల్లటి చీకట్లో నీలం చుక్కలు. ఒకటి రెండవుతూ ఉంది. పదకొండుకు తిరుగు బస్సెక్కి, చేతిలోనే పట్టుకున్న కార్డు చూపించాను. కండక్టరు సున్నా టిక్కెట్టు ఇచ్చాడు. నిన్నటి టిక్కెట్లు నా దగ్గర లేవు. సునీత తన పరీక్ష పుస్తకంలో అంటించుకుంది.