అందించే మాట

రెండో తరగతి టీచరమ్మకు నలభై మంది పిల్లలు, ఒక్క గొంతు. ఎవరైనా మాట కోసం తడుముకుంటే ఆగే ఓపిక లేక, వాక్యం తానే పూర్తిచేసి, "అంతేగా? కూర్చో" అంటుంది. వెనకబెంచీ పిల్ల తలూపి కూర్చుంటుంది. టీచరమ్మ పిల్లలందరి మాటతీరు మీదా కాగితాలు రాస్తూ, జరిగింది వరసగా చెప్పడం రాదని ఆ పిల్లను ఒకటో తరగతికి దించే కాగితం సిద్ధం చేసింది. సంతకానికి తల్లి వచ్చిన రోజు జలుబు చేసి టీచరమ్మ గొంతు పూర్తిగా పూడుకుపోయింది.

"నిన్నటి సంగతి టీచర్‌కి చెప్పవే" అంది తల్లి.

పిల్ల చాలాసేపు నీళ్లు నమిలింది. అందించడానికి టీచరమ్మకు మాట పెగల్లేదు.

"కుక్కపిల్ల... మెట్ల కింద దాక్కుంది. ముందు పిలిచా, రాలేదు. అప్పుడు అమ్మ చెప్పు చూపించా. కొరకడానికొచ్చేసింది."

"నా కొత్త చెప్పండీ" అంది తల్లి.

టీచరమ్మ ఆ కాగితాన్ని చింపేసి, నిట్టూర్చి, తాను రాసిన మిగతా ముప్పై తొమ్మిది మంది కాగితాలూ మళ్లీ చూడడానికి ముందేసుకుంది.