కవర్లో దాచిన జుట్టు

సకల జనుల సమ్మె ముగిసిన ఏడాది, డిసెంబరులో ఒక ఆదివారం. తలస్నానం చేస్తుంటే కాళ్ల కింద నీళ్లు నిలిచిపోయాయి. వంగి జాలీలో వేలు పెట్టి లాగితే గుప్పెడు జుట్టు వచ్చింది. ఆరాక దువ్వుకుంటే దువ్వెన పళ్లు కనబడలేదు. ఏదో తేడా జరుగుతోందని ఆ రోజే అనిపించింది.

నాది ప్రొద్దుటూరు. అప్పట్లో హైటెక్ సిటీలో సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని. ఇంకొకరు చేసిన పనిలో తప్పు ఎక్కడుందా అని పొద్దస్తమానం అనుమానపడటమే నా ఉద్యోగం. ఇంటికొచ్చాక కూడా ఆ గుణం నన్ను వదలదు.

మొదట కొండాపూర్ బోరు నీళ్లను అనుమానించి కుళాయికి ఫిల్టర్ బిగించాను. తర్వాత షాంపూని. తర్వాత హెల్మెట్‌ని. దిండు మీద రాలినవి ఏరి, లెక్కపెట్టి, తేదీలు వేసి ఎక్సెల్ షీట్‌లో ఎక్కించాను. రోజుకు వంద వరకూ రాలడం మామూలేనని ఎక్కడో చదివాను కానీ, రాసినవాడు షాంపూ కంపెనీ మనిషేమోనని నమ్మలేదు.

అమ్మకు ఫోన్ చేస్తే ఇంకో అనుమానం అంటించింది. "ఊడిన ఎంటికలు యాడపడితే ఆడ పారేయొద్దు మ్మే. ఎవురి చేతికన్నా చిక్కితే ఏమన్నా చేస్తారు. ఆ ఊర్లో గొడవలు టీవీలో చూస్తానే ఉండాం గదా."

పైకి నవ్వేశాను. ఆ మాట మాత్రం చెవిలో జోరీగలా ఉండిపోయింది.

నాతో ఫ్లాట్‌లో ఉండేది స్వరూప. జనగామ అమ్మాయి, చందానగర్‌లో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచరు. ఉద్యమమంటే ప్రాణం. రోడ్డు మీద బతుకమ్మ ఆడినా, వంటావార్పు చేసినా ముందుండేది. మా ఇంట్లో అందరూ రాష్ట్రం ఒకటిగా ఉండాలనేవాళ్లు. ఆ సంగతి మాత్రం ఎత్తకూడదని ఒప్పందం చేసుకుని, మూడేళ్లుగా ఒకే కుక్కర్లో అన్నం వండుకుంటున్నాం.

ఒకరోజు బాల్కనీలో బట్టలారేస్తుంటే క్లిప్పుల డబ్బా వెనక ఒక కవర్ కనిపించింది. విప్పితే లోపల ఉండలు ఉండలుగా జుట్టు. అదంతా నాదేననుకున్నాను.

"ఇదేంది స్వరూపా?"

"ఎంట్రుకలు," అంది తాపీగా. "జాలీల ఇరుకుతున్నయి గదా, తీసి పెడుతున్న. ఊరికి పోయినప్పుడు అమ్మకిస్త. ఎంట్రుకలు తీస్కొని గిన్నెలిచ్చేటామె మా వాడకొస్తది."

"నా జుట్టు నువ్వు దాచేదేంది? నిజం చెప్పు."

ఆమె ముఖం మారిపోయింది. "నిజమంటే? నేనేమన్న మంత్రాలు చేస్తున్న అనుకుంటున్నవా?"

కాదు అని ఒక్క మాట అంటే సరిపోయేది. నేను అనలేదు. స్వరూప బ్యాగు సర్దుకుని చందానగర్‌లోని చిన్నమ్మ ఇంటికి వెళ్లిపోయింది.

ఆ వారమే స్కిన్ డాక్టర్ దగ్గరికి వెళ్లాను, కవర్ పట్టుకుని. ఆధారం లేకుండా బగ్ రిపోర్ట్ చేయకూడదు కదా. డాక్టరమ్మ ఒక ఉండను లైటు కింద విడదీసి చూసింది. "ఇదంతా మీది కాదమ్మా. ఈ సన్నటి వెంట్రుకలు మీవి. వంకీలు తిరిగినవి వేరేవాళ్లవి. చాలా నెలల జుట్టులా ఉందే!"

వంకీల జుట్టు స్వరూపది. టెస్టర్‌ని అయ్యుండి ఆ మాత్రం చూసుకోలేదు. తలెత్తలేకపోయాను.

తర్వాత ఆవిడ పుల్ టెస్ట్ అంటూ కొన్ని వెంట్రుకలను వేళ్ల మధ్య పట్టి మెల్లగా లాగింది. నాలుగైదు ఊడొచ్చాయి. చివర తెల్లటి చుక్కలు.

"వేరుతో సహా ఊడిపోతోందాండి?"

"అది వేరు కాదు, భయపడకండి. ఎదగడం ఆగి రెస్టింగ్ ఫేజ్‌లోకి వెళ్లిన వెంట్రుక అలాగే రాలుతుంది. అది మొలిచే కుదురు, ఫాలికల్ అంటాం, లోపలే ఉంటుంది." స్కాల్ప్ మీద జుట్టు ఊడిన ప్యాచెస్ లేవని చూసుకుని, పీరియడ్స్ గురించి అడిగి, సీబీపీ, ఫెరిటిన్, థైరాయిడ్ రక్తపరీక్షలు రాసింది.

రెండోసారి వెళ్లినప్పుడు ఫెరిటిన్, అంటే ఒంట్లో ఐరన్ నిల్వ, తక్కువుందని మాత్రలు రాసి, థైరాయిడ్ నార్మల్ అని చెప్పి, "మూడు నెలల కింద పెద్ద ఫీవర్ గానీ, సర్జరీ గానీ అయిందా?" అని అడిగింది.

"సెప్టెంబర్లో టైఫాయిడ్ వచ్చింది. తగ్గిపోయింది కదండీ!"

"జ్వరం తగ్గింది. జుట్టుకు ఇప్పుడు తెలిసింది. పెద్ద జబ్బు చేసిన రెండు మూడు నెలలకు ఇలా రాలడాన్ని టెలోజెన్ ఎఫ్లూవియం అంటాం. కొన్ని నెలల్లో అదే సర్దుకుంటుంది."

ఇంత తేలిగ్గా చెబుతోందంటే ఏదో దాస్తోందని మెట్లు దిగుతూ ఈవిడనూ అనుమానించాను. స్కూటీ దగ్గరికి వచ్చేసరికి సెప్టెంబరు గుర్తొచ్చింది. సమ్మె రోజులు. బస్సుల్లేవు. కరెంటు గంటలు గంటలు పోయేది. స్కూలు మూసేశారు కాబట్టి స్వరూప ఇంట్లోనే ఉంది. నన్ను భుజానికి ఆనించుకుని ఆటో దొరికేదాకా నడిపించింది. పరీక్ష అట్టతో గాలి విసిరింది. పడుకుని పడుకుని నా జడ అట్టకట్టుకుపోతే, కూర్చోబెట్టి ఒక్కొక్క పాయే వేళ్లతో చిక్కు తీసింది. ఆ చేతుల్నే నేను అనుమానించాను. అక్కడే స్కూటీ పట్టుకుని ఏడ్చాను.

చందానగర్ వెళ్లి స్కూలు వదిలేదాకా గేటు దగ్గర నిలబడ్డాను. కవర్ చేతికిచ్చి, డాక్టర్ చెప్పినదంతా చెప్పి, "తప్పయింది" అన్నాను.

స్వరూప కవర్ మూతి ముడేసింది. "జరమొచ్చిననాడు నమ్మితివి. ఎంట్రుకల కాడ నమ్మకపోతివి," అంది. తర్వాత కవర్ బ్యాగులో పెట్టుకుని, "బండి తియ్యి. ఆకలైతున్నది," అంది.

ఐరన్ మాత్రలకు కడుపు తిప్పేది. ఫిబ్రవరి దాకా జుట్టు రాలుతూనే ఉంది. మాత్రలు మంచివేనా అని డబ్బా తిప్పి చూస్తుంటే, "ఇగ దాన్ని గూడ అనుమానించు," అని స్వరూప వెక్కిరించేది. ఎండాకాలానికి నుదుటి దగ్గర వేలెడు వెంట్రుకలు నిక్కబొడుచుకుని లేచాయి. ఇద్దరం అద్దం ముందు నిలబడి చూసుకున్నాం.

ఇప్పుడు తెలంగాణ వచ్చింది. స్వరూప సంసారం గోపన్‌పల్లిలో. నేను ఇంకా కొండాపూర్‌లోనే. తలస్నానం చేసిన రోజు జుట్టు కాస్త ఎక్కువ రాలితే కంగారు పడను. ఉండ చుట్టి కవర్లో వేస్తాను. నిండితే స్వరూపకు ఇస్తాను, వాళ్లమ్మ కోసం.

గుండ్రంగా ప్యాచ్ కనిపించినా, మాడు ఎర్రబడి దురద పెట్టినా, పాపిడి వెడల్పవుతున్నా, నెలల తరబడి రాలడం ఆగకపోయినా డాక్టర్ దగ్గరికి వెళ్లండి. వెళ్లేముందు ఒక్క పని చేయండి. క్యాలెండర్ మూడు నెలలు వెనక్కి తిప్పి, అప్పుడు మీకేమైందో కాగితం మీద రాసుకోండి. నేను ఆ పని ముందే చేసి ఉంటే, ఆ పేజీలో నా పక్కన కూర్చుని చిక్కు తీస్తున్న స్వరూప కనిపించేది.