అంబలి తాగారా అని అడిగిన కంప్యూటరు

ఉద్యోగంలో చేరిన ఆ కొత్తల్లో నాకు అన్నిటికన్నా భయం వేసే చప్పుడు ఫోను మోగడం. ఉరుమైనా నయం, దానికి జవాబు చెప్పక్కర్లేదు. ఇంట్లో ఫోను మోగితే చాలు, నేను తువ్వాలు తీసుకుని స్నానానికి వెళ్లిపోయేదాన్ని (మా ఇంట్లో నా అంత శుభ్రమైన మనిషి లేదని అమ్మమ్మ వీధంతా చెప్పుకునేది). పగలు ఎవరికీ చెప్పలేకపోయిన జవాబులన్నీ తర్వాత డైరీలో రాసుకునేదాన్ని. డైరీలో నేను భలే మాటకారిని. ఎదుటివాళ్లు నోరు మూసుకుని వినేవారు. ఇప్పుడు రోజంతా చెవికి ఫోను తగిలించుకుని కూర్చునే నన్ను చూసినవాళ్లెవరూ ఈ సంగతి నమ్మరు. అందుకే రాసి పెడుతున్నాను.

డిగ్రీ అయ్యాక నా ముందు రెండు దారులు కనిపించాయి. ఒకటి చోడవరంలో మా బాబాయి బట్టల కొట్టు. అందులో కౌంటరు దగ్గర కూర్చుని, వచ్చినవాళ్లందరినీ నవ్వుతూ పలకరించి, రంగు నప్పకపోయినా నప్పిందని చెప్పాలి. రెండోది గూడెం కొత్తవీధి దారిలో, కొండమీద ఒక కాఫీ రైతుల సంఘం ఆఫీసులో కంప్యూటరు ఉద్యోగం. కంప్యూటరు అన్న మాట వినగానే నా మనసు కుదుటపడింది. మంచు, కిటికీ, ఒక గది, నా పుస్తకాలు, నోరు విప్పక్కర్లేని పని. ఇంతకన్నా స్వర్గం ఏముంటుంది? నేను బస్సెక్కుతుంటే బాబాయి మాత్రం నిబ్బరంగా ఉన్నాడు. "ఎల్లనీ వదినా, నెల్లాళ్లకి తిరిగొచ్చేత్తాది. ఈ గుంట నోట్లోంచి మాట రావాలంటే గిలక ఏసి తోడాల. కొట్లో కుర్చీ అట్టే ఉంచుతాను" అని అమ్మతో అన్నాడు. ఆ కుర్చీ నా కలల్లోకి కూడా వచ్చేది.

ఆఫీసులో మా పైఅధికారిని అందరూ 'చూద్దాం సారు' అనేవారు. సెలవు అడిగినా, కొత్త ఫ్యాను అడిగినా, వాన పడుతుందా అని అడిగినా ఆయన చెప్పే జవాబు అదొక్కటే. చేరిన రోజే ఆయన నా తలకి హెడ్‌సెట్ తగిలించి, "కంప్యూటర్లోంచి రైతులకి ఫోన్లు చెయ్యాలమ్మా. మాట్లాడిందంతా అందులోనే రికార్డవుతుంది. నేను తర్వాత వింటాను" అన్నారు. నాకు కాళ్ల కింద కొండ కదిలినట్టయింది. విషయం ఏమిటంటే, కాఫీ పళ్లు కోసిన రోజే తొక్క తీసే మిషనుకి చేరాలి, లేకపోతే పులిసిపోతాయి. లారీ ఏ రోజు ఏ కొండ కిందికి వస్తుందో ముందే తెలిస్తే రైతులు పళ్లు కోసి సిద్ధంగా ఉంటారు. ఆ కబురు ఊరూరికీ చెప్పడం నా పని. "ఈ పంటకి మీరు చెయ్యగలరేమో చూద్దాం" అన్నారు సారు. ఆ చూద్దాం అవతల బాబాయి కుర్చీ కనిపించింది.

నా మొదటి ఫోను ఇప్పటికీ కంప్యూటర్లో ఉంది. అవతల ఎవరో "అలో" అన్నారు. మళ్లీ "అలో" అన్నారు. తర్వాత కాసేపు నా ఊపిరి. తర్వాత నేను ఫోను పెట్టేసిన చప్పుడు. సారు రెండుసార్లు విని, "ఇది గాలి శబ్దమా అమ్మా?" అని అడిగారు. అవునండి అన్నాను. ఆయన లేచి కిటికీ మూశారు.

పీకల మీదికి వస్తే పిరికివాళ్లకి తెలివి పుడుతుంది. ఆ కంప్యూటర్లో ఇంకో సౌకర్యం ఉందని మర్నాడు కనిపెట్టాను. మన మాట ఒకసారి రికార్డు చేసి పెడితే, అదే అందరికీ ఫోను చేసి వినిపించేస్తుంది. అంటే మనుషులతో కాదు, గోడతో ఒక్కసారి మాట్లాడితే చాలు. మైకు పట్టుకుని గోనె సంచులు పేర్చిన గదిలోకి వెళ్లి, తలుపు గడియ పెట్టి, ఆ సంచుల ఎదుట (వాటికి నా మీద ఏ అభిప్రాయమూ లేదు కనక) గడగడా చెప్పాను. "కాఫీ రైతులకు తెలియజేయునది. లారీ ఎల్లుండి ఉదయం కొండ కిందికి వస్తుంది. పళ్లు కోసి తీసుకుని రాగలరు." అంతే. ఒక్క తప్పు లేదు, ఒక్క అనవసరపు మాట లేదు. ఆ రోజు డైరీలో నన్ను నేను చాలా మెచ్చుకున్నాను.

ఆ ఎల్లుండి లారీ వెళ్లింది. సాయంత్రానికి దాదాపు ఖాళీగా తిరిగొచ్చింది. అడుగున నాలుగైదు బస్తాలు ఒకదాన్నొకటి పట్టుకుని భయంభయంగా కూర్చున్నాయి. చూద్దాం సారు ఆ లారీ చుట్టూ తిరిగి వచ్చి, మొదటిసారి వేరే మాట అన్నారు. "వచ్చే వారం కూడా ఇలాగే వస్తే ఇంక నేను చూసేదేమీ ఉండదమ్మా." ఆ రాత్రే బాబాయి అమ్మ చేత ఫోను చేయించి కబురు చెప్పించాడు, కుర్చీకి కొత్త మెత్త కుట్టించాడట.

మా ఆఫీసులో జీపు అక్క ఉండేది. ఆ కొండల్లోనే పుట్టి పెరిగి, సంఘం జీపులో ఊళ్లు తిరిగే మనిషి. జీపు వెళ్లే ఊళ్లకి తనే కబురు చెప్పేది, జీపు వెళ్లలేని ఊళ్లకే నా ఫోన్లు. నేను సంచుల గదిలో ఏడుస్తుంటే వచ్చి, "ఏడిసి ఏటి సేత్తావు. ఆళ్లేటన్నారో నీ డబ్బాలో ఉన్నాది గదా, ఎట్టు, ఇందాం" అంది. నిజమే, నా మాటలతో పాటు అవతలివాళ్లవీ రికార్డయ్యాయి. వినాలన్న ఆలోచనే నాకు రాలేదు. వినడం కూడా మాట్లాడ్డంలో భాగమని అప్పటికి తెలియదు మరి.

అక్కడ ఫోనంటే ఒక మనిషిది కాదు. గట్టు మీద సిగ్నలు దొరికే చోట పనసచెట్టు కొమ్మకి సంచిలో ఫోను వేలాడదీస్తారు. మోగితే దగ్గరున్నవాళ్లు ఎత్తుతారు, మిగతావాళ్లు చుట్టూ చేరతారు. మొదటి రికార్డులో ఒక ముసలాయన గొంతు, "అలో, ఎవులమ్మా, బాగున్నావా" అంది. నా గొంతు "కాఫీ రైతులకు తెలియజేయునది" అంది. ముసలాయన, "సర్లే, అంబలి తాగినావా?" అన్నాడు. నా గొంతు "లారీ ఎల్లుండి" అంది. వెనక నుంచి ఒక ఆడమనిషి, "ఏటంతాది?" అంది. "ఏటో, మనం అడిగితే పలకదు. కోపంగున్నట్టుంది" అన్నాడాయన. తర్వాతి ఊళ్లో ఒకామె నా గొంతు వినగానే, "ఓరి, ఎవులు సచ్చిపోనారో" అని ఏడుపు లంకించుకుంది. ఇంకో ఊళ్లో ఫారెస్టోళ్లు అనుకుని ఫోను సంచిలో పెట్టేసి, సంచి మూతి కూడా కట్టేశారు. ఆ ముడి వేస్తున్న గరగర కూడా రికార్డయింది.

జీపు అక్క నవ్వి నవ్వి బస్తా మీంచి జారింది. "వచ్చీ రాగానే పని సెప్పీవోళ్లు మాకు ఇద్దరే గుంటా. సావు కబురు తెచ్చినోడు, ఫారెస్టోడు. మంచోడెవుడన్నా ముందు బాగోగులడుగుతాడు, అంబలి తాగినావా అంటాడు, వాన సంగతి, పిల్లల సంగతి, గొడ్డూ గోదా సంగతి. అన్నీ అయ్యి లేసి ఎల్లిపోతా, గుమ్మంకాడ అప్పుడు సెప్తాడు పని." నేను కళ్లు తుడుచుకుని, "మరి ఫోన్లో గుమ్మం ఎక్కడుంటుందక్కా?" అన్నాను. "నువ్వే ఎట్టాల" అంది.

పెట్టాను. అక్క ఎదురుగా కూర్చుని ఊరివాళ్లలా జవాబులు చెబుతుంటే, అవి పట్టేంత సందు వదులుతూ కొత్తగా రికార్డు చేశాను. "మామ్మా, తాతా, బాగున్నారా?" అని కాస్త ఖాళీ. "సంతోషం. అంబలి తాగారా?" ఖాళీ. "నేనూ తాగాను. వానలెలా ఉన్నాయి?" ఖాళీ. "ఇక్కడా అంతే. పిల్లలు, పశువులు అంతా బాగున్నారా?" ఇక్కడ పెద్ద ఖాళీ (ఆ ప్రశ్నకి ఎవరూ పొట్టిగా జవాబు చెప్పరంది అక్క). "చాలా సంతోషం. మరి ఉంటాను. ఆఁ, అన్నట్టు, ఎల్లుండి పొద్దున లారీ వస్తోంది, పళ్లు కోసుకుని రండి." సారు విని, "పని చివర్లో తోక అంత ఉందేంటమ్మా?" అన్నారు. అక్క జవాబు చెప్పబోయేలోపు ఆయనే తేరుకుని, "చూద్దాం" అన్నారు.

ఫోన్లు వెళ్లాయి. మొదటి నాలుగు రికార్డులు నేనూ అక్కా విన్నాం. ఒకాయన వరస తప్పి, "ఏ ఊరమ్మా నీది?" అని అడిగితే నా గొంతు "నేనూ తాగాను" అంది. ఆయన ఏమీ అనుకోలేదు. ఒకామె, "పెళ్లయిందా?" అంటే "ఇక్కడా అంతే" అని నిట్టూర్చినట్టుగా వినబడింది. "పాపం, అక్కడా అంతేనట" అని ఆమె పక్కవాళ్లకి చెప్పింది. ఇంతలో లారీ పనులు మీద పడి మిగతావి వినలేదు.

ఆ ఎల్లుండి పొద్దున మంచు విడకముందే కొండ కింద జనం. కావిళ్లు, బుట్టలు, నెత్తి మీద మూటలు, ఎర్రటి పళ్లు. లారీ నిండుతోంది. సారు కాటా దగ్గర నిలబడి ఏమీ చూడకుండానే నవ్వుతున్నారు. వచ్చినవాళ్లంతా, "ఆ ఫోను గుంటేదీ? ఎంత మరేదగా మాటాడతాది" అని అడుగుతుంటే నేను లారీ టైరు వెనకాల నక్కాను. అక్కడే దొరికిపోయాను. కాఫీతో పాటు పిప్పళ్లు పండించే ఒక ముసలావిడ (తర్వాత నాకు పిప్పళ్ల మామ్మ) చెయ్యి పట్టుకు బయటికి లాగి, "నువ్వేనా ఫోన్లో మాటాడీది?" అంది. నా నోరు పెగల్లేదు. ఆవిడ నన్ను కిందికీ మీదికీ చూసి జీపు అక్కతో, "ఇది కాదే. ఇది మూగది. ఆ మాటాడీ గుంటని పిలు" అంది. పాతికమంది నవ్వారు. సారు నావైపే చూస్తున్నారు.

మామ్మ మాత్రం వెళ్లలేదు. కింద చతికిలబడి, నన్నూ కూచోమని, "బాగున్నావా?" అంది. "సంతోషం" అన్నాను (ముందు బాగున్నానని చెప్పాలి, కంగారులో రికార్డు బయటికొచ్చేసింది). "అంబలి తాగినావా?" "నేనూ తాగాను." "మీకాడ వానలేటి?" "ఇక్కడా అంతే." మామ్మ కళ్లు మెరిశాయి. గొంతు గుర్తుపట్టింది. "ఇదేనే, ఇదే" అని చుట్టూ చెప్పింది.  చుట్ట చివర కొరికింది, దూరంగా చూసింది. నా దగ్గరున్న మాటలన్నీ అయిపోయాయి. ఆవిడ ఇక ఎల్లొస్తానంటూ మోకాళ్ల మీద చేతులానించి లేచి, చీర దులుపుకుంది. అప్పుడు చెప్పింది, వచ్చిన పని.

"మొన్న ఫోన్లో మా దూడ సచ్చిపోనాదని సెప్తే, శానా సంతోషం అన్నావు. ఎందుకన్నావో అడిగెల్దామని."

సంచి మోసుకుని వచ్చింది పళ్లు అమ్మడానికే కావచ్చు. కానీ ఆ ముసలావిడ అంత కొండ దిగి నన్ను వెతుక్కుంటూ వచ్చింది దీనికోసం. ఆవిడ గొంతులో కోపం లేదు. ఫోన్లో అంత మర్యాదగా మాట్లాడిన పిల్ల ఆ మాట ఎందుకంటుందో నిజంగానే తెలుసుకోవాలని ఉంది. రికార్డులో దానికి జవాబు లేదు, డైరీలోనూ లేదు. ఎక్కడినుంచి వచ్చిందో, "అది నేను కాదు మామ్మా, డబ్బా. నేను వినలేదు" అన్నాను. ఆవిడ ఆలోచించి, "మరిప్పుడిను" అని మళ్లీ కూర్చుంది. "ఏ దూడ?" అన్నాను. "నల్లది. నుదుట తెల్ల సుక్క. నా ఎనకే తిరిగీది, పొయ్యి కాడికీ వచ్చీసీది." "ఏమైంది?" "తెలీదమ్మా. తెల్లారి సూత్తే లెగనేదు." నేను ఇంకా ఏవో అడిగాను. ఆవిడ ఇంకా ఏవో చెప్పింది. వెనక లారీ హారను కొట్టింది. సారు వచ్చి, "అమ్మా, బండి బయల్దేరాలి, మీరొస్తే లెక్క చూసుకోవచ్చు" అన్నారు. తల తిప్పకుండానే, "చూద్దాం సారూ" అన్నాను. జీపు అక్క ఆ రోజు నుంచి ఇవాళ్టిదాకా ఆ మాట నాకు గుర్తు చేస్తూనే ఉంది.

ఉద్యోగం నిలిచింది. బాబాయి కొట్లో ఆ కుర్చీ మీద ఇప్పుడు పిల్లి పడుకుంటుందట, గిరాకీలతో నాకన్నా బాగానే మసలుకుంటుందని అమ్మ అంది. ఇప్పుడు ఫోన్లు నేనే చేస్తాను, ఊరు తర్వాత ఊరు, గొడ్డూ గోదా సంగతి దాకా. రోజంతా పడుతుంది. పాత రికార్డు తీసెయ్యమని సారు చాలాసార్లు చెప్పారు, చూద్దామన్నాను. సాయంత్రం ఆఫీసులో ఎవరూ లేనప్పుడు ఒక్కోసారి పెట్టుకుంటాను. గోనె సంచుల మధ్య నుంచి ఒక పిల్ల, చదివినట్టుగా, వణుకు దాచుకుంటూ, "బాగున్నారా?" అని అడిగి ఆగుతుంది. ఆ ఖాళీలో, "బాగున్నానమ్మా, నువ్వెలా ఉన్నావు?" అంటాను నేను. "సంతోషం. అంబలి తాగారా?" అంటుంది. పాపం, పిచ్చిది, ఇంకా వినడం నేర్చుకోలేదు.