కానుగ నీడలో పసుపు పూలు

మా ఇంటి వెనక కానుగ చెట్టు కింద పొద్దున లేస్తే వెయ్యి పూలు పూసేవని అనంతపురంలో నాకు తెలిసిన వాళ్లందరికీ చెప్పాను. ఇక్కడా అదే రాద్దామనుకున్నాను గానీ, నేను రాసిందంతా మా ఆవిడ చదువుతుంది. కాబట్టి ఓ నలభై అనుకోండి. అదీ వానలు బాగా పడిన ఏడాది.

ఆ నలభై కూడా తక్కువేం కాదు. ఆ చెట్టు నీడ అంత చిక్కన. దాని కింద గరిక కూడా మొలిచేది కాదు. ఎండుటాకులు, రాలిన కాయలు, వాటి మీద మధ్యాహ్నం పడుకునే వీధికుక్క, అంతే. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో అన్నీ కరువు రోజులే. కొళాయిలో నీళ్లొచ్చిన పూట వీధంతా పండగ. అట్లాంటి రోజుల్లో మా ఆవిడకు ఒక కోరిక పుట్టింది. దేవుడి పటానికి బజారు పూలు కాకుండా మన నేలలో పూసిన పువ్వు పెట్టాలని. మల్లె వేసింది, బంతి వేసింది. నీడకు అన్నీ సాగిపోయి, పాలిపోయి, మొగ్గ తొడగకుండానే చచ్చాయి.

ధర్మవరంలో పట్టుచీరలు నేసేవాళ్లింట్లో ఆమె చిన్ననాటి స్నేహితురాలు ఉంది. చీరకని పోయిన మనిషి చీర లేకుండా, తడిగుడ్డలో కొన్ని తీగముక్కలు చుట్టుకొని వచ్చింది. వాళ్ల మగ్గం గది వెనక, ఎండ తగలని గోడవారన నేలంతా పరుచుకొని పూస్తోందట. దాని పేరు వాళ్లకూ తెలియదు, మాకూ తెలియదు. ముదురాకుపచ్చ ఆకులు. కాడ నేల మీద పాకుతూ పోతుంది, ప్రతి కణుపు దగ్గరా వేరు దించుకుంటుంది. పువ్వు చూస్తే పొద్దుతిరుగుడును రూపాయి బిళ్లంత చేసినట్టు ఉంటుంది. ఒకసారి నేలను పట్టుకుందంటే ఏళ్ల తరబడి వదలదు.

స్నానాల గది నుంచి చెట్టు దాకా కాలువ నేనే తవ్వానని కూడా చెప్పుకున్నాను. తవ్వింది ఆమె. నేను కుర్చీ వేసుకొని, వంకర పోతోందని చెప్పాను. సబ్బునీళ్లు పోతే మొక్కలు చస్తాయని నాకు సబ్బు మాన్పించింది. ఆ వేసవంతా శనగపిండి రుద్దుకొని ఆఫీసుకు పోయాను.

"ఏమన్నా, పొద్దున్నే ఇంట్లో బజ్జీలా?" అని పక్క సీటాయన అడిగేవాడు.

బియ్యం కడిగిన నీళ్లు, కూరగాయలు కడిగిన నీళ్లు ఆమె చెంబులో పట్టి మోసేది. మళ్లీ ఎండాకాలం వచ్చేసరికి చెట్టు కింద మట్టి కనపడకుండా ఆకులు అల్లుకున్నాయి. పువ్వు మాత్రం రాలేదు. నేను ఆగలేకపోయాను. కళ్యాణదుర్గం దగ్గర వేరుశనగ పండించే మా బావకు, అంటే ఆమె అన్నకు, ఫోన్లో చెప్పేశాను. "బావా, పెరట్లో పూలతోట వేసినాం. రోజాలు, చామంతులు. వచ్చి చూడాల్సిందే."

ఒక ఆదివారం ఆయన అనుకున్నదానికన్నా ముందు బస్సుకే వచ్చాడు. మేమిద్దరం మార్కెట్టుకు పోయాం. ఇంటికి తాళం చూసి పెరటి గేటు తీసుకొని లోపలికి పోయాడు. జీవితమంతా చేలో కలుపు తీసిన మనిషి. ఊరికే కూర్చోవడం ఆ చేతులకు తెలియదు. చుట్టాలింటికి పోయినా, విస్తరి ముందు కూర్చునేలోపు ఏదో ఒక పని చేసిపెడతాడు. మేం వచ్చేసరికి చెట్టు కింద నేల, ఎద్దులతో గుంటక తోలి కలుపు తీసిన చేనులా నున్నగా ఉంది.

"ఏమప్పా బావా, తోట తోట అంటివి. యాడుండాది?" అన్నాడు చెమట తుడుచుకుంటూ. "ఒక్క రోజా చెట్టన్నా లేదు. అంతా కలుపు పట్టిపోయిండాది. పీకి దిబ్బలో ఏసినా."

మా ఆవిడ సంచి కింద పెట్టి దిబ్బ దగ్గరికి నడిచింది.

"అదే నా తోట అన్నా."

"ఏందిమ్మా, ఇదా?" ఆయన ముఖం మాడిపోయింది. నా వైపు తిరిగాడు. "రోజాలంటివి కదప్పా!"

"ఇన్నేండ్లయింది నువ్వు నన్ను ఈయనకిచ్చి. ఇంకా ఈయన మాట నమ్ముతాండావా?"

తిడితే బాగుండుననిపించింది నాకు. ఆమె తిట్టలేదు. వాడిపోతున్న కాడలను దిబ్బలోంచి ఏరి, వేరున్న కణుపులు చూసి విడిగా పెట్టి, తడి గోనెపట్టా కప్పింది. బావ పంచె ఎగగట్టాడు.

"ఎంత లోతు పెట్టాల పాపా?"

"ఒక్క కణుపు మునిగితే చాలు."

"బతుకుతాదా?"

"బతికితే నీ పుణ్యం. చస్తే ఈయన పాపం."

మధ్యాహ్నం అన్నం సాయంత్రానికి తిన్నాం. బావ తాడు పట్టి, వేరుశనగ విత్తినట్టు తిన్నటి సాళ్లలో ఆ ముక్కలన్నీ నాటాడు.

తర్వాత ఆకులన్నీ రాలిపోయాయి. కాడలు ఎండు పురికొసల్లా నేలకు అంటుకుపోయాయి. పొద్దున్నే ఆమె వంగి చూసి లోపలికి వచ్చేది. ఆ మొక్కల కోసం రోజుకు రెండుసార్లు స్నానం చేశానని చెప్పేవాణ్ణి. అన్ని నీళ్లెక్కడివి? ఒక్కసారే. కాకపోతే సగం చెంబులు ఒంటి మీద కాకుండా నేరుగా కాలువలోనే పోశాను. అది నిజం.

చినుకులు మొదలయ్యే ముందు, ఒక సాలులో కణుపు పక్కన ఆకుపచ్చ మొన కనిపించింది. ఆ తర్వాత ఆ మొక్కను చూడాలి! ముక్కలైన ప్రతిచోటా చిగురేసింది. బావ గీసిన సాళ్లను చెరిపేసి మునుపటి కన్నా ఒత్తుగా కమ్ముకుంది. ఇంత మొండి ప్రాణిని నేను చూడలేదు, మా ఆవిడను తప్ప.

"ఇట్లా రా," అని ఒకరోజు పిలిచింది. అంత నీడలో ఒక్కటే పసుపు పువ్వు, తలెత్తి. దేవుడి పటానికి కోస్తుందనుకున్నాను. కోయలేదు. ఆ పూటకు బజారు చామంతే పెట్టింది.

"దేవుడే వచ్చి చూసుకుంటాడు లే," అంది.

వానాకాలంలో బావ వచ్చాడు. చెట్టు కింద కుర్చీ వేసి, ఆయన కూర్చునీ కూర్చోకముందే ఆమె ఆయన ఒడిలో చేటెడు వేరుశనక్కాయలు పెట్టింది, చేతులు ఊరికే ఉండకుండా. ఆయన బుద్ధిగా ఒలిచి, పొట్టంతా మొక్కల మొదళ్లలో చల్లాడు.

"ఎన్ని పూలుండాయి పాపా?"

"నువ్వే లెక్కబెట్టుకో అన్నా. ఈయన్ని మాత్రం అడగొద్దు."