ఇక్కడిదాకా చూశాను

నా చిన్నప్పుడు రాయపూర్ స్టేషన్‌కి వాల్తేరు పాసింజరు రోజూ సాయంత్రం వచ్చేది. రోజూ నేను దానికి ఎదురెళ్ళేదాన్ని. మా క్వార్టరు స్టేషన్ వెనకే. నాన్న గూడ్సు గార్డు కాబట్టి ప్లాట్‌ఫారం మీద నన్ను ఎవరూ ఆపేవాళ్ళు కాదు. తూకం మిషను పక్కన నిలబడితే ఆడవాళ్ళ పెట్టె నాకు ఎదురుగా వచ్చి ఆగేది. దిగేవాళ్ళ మొహాలు కాదు, కాళ్ళు చూసేదాన్ని. అంత జనంలో మా అమ్మ పాదాలైతే వెంటనే పోల్చుకోగలనని నా ధీమా.

అమ్మకి ఊపిరితిత్తుల జబ్బు చేసింది. చలికాలం చివర్లో వైజాగ్ తీసుకెళ్ళి సముద్రం దగ్గరున్న ఆసుపత్రిలో చేర్చారు. పిల్లలకి అంటుకుంటుందని నన్ను తీసుకెళ్ళలేదు. ఎప్పుడొస్తుందని అడిగితే మామ్మ, అంటే నాన్నని కన్నతల్లి, "హోలీ అయ్యాక వొచ్చేస్తాదే" అంది. హోలీ వెళ్ళిపోయింది. పరీక్షలయ్యాక అంది. అవీ అయిపోయాయి. "నౌతపా ఎల్లిపోనీ. ఈ ఎండల్లో రోగిష్టి మనిషి రైలెక్కుతాదేటి?" అంది. నౌతపా అంటే జ్యేష్ఠంలో తొమ్మిది రోజుల మండుటెండ. ఆ రోజుల్లో రాయపూర్‌లో కాకులు కూడా నోళ్ళు తెరుచుకుని కూర్చుంటాయి.

మామ్మ అబద్ధాలకోరు కాదు. పాలల్లో నీళ్ళు కలిపావని పాలవాడి మొహం మీదే అనేసే మనిషి. నా దగ్గరికొచ్చేసరికి మాత్రం ఆ ధైర్యం ఏమైపోయేదో. మామ్మే కాదు, పక్కింటి అక్క, బళ్ళో బహన్‌జీ, కూరగాయలమ్మే ఆవిడ, అందరి దగ్గరా మా అమ్మ వచ్చే రోజు ఒకటి ఉండేది. వాళ్ళందరివీ కలిపి నేను నమ్మేదాన్ని. అబద్ధం చెప్పాలని ఎవరికీ ఉండదు. పసిపిల్ల మొహం చూసి ఏదో ఒకటి అనకుండా ఉండలేక అనేస్తారు. ఆ సంగతి నాకిప్పుడు తెలుసు. అప్పుడు మాత్రం రైలు తప్పు చేస్తోందనుకునేదాన్ని.

వేసవి సెలవులకి పాసులు తీసుకుని కాలనీలో తెలుగువాళ్ళు దాదాపు అందరూ ఊళ్ళకి వెళ్ళిపోయారు. నాన్న లైను ఎక్కితే ఎప్పుడొస్తాడో తెలియదు. వచ్చినా బూట్లు విప్పి గోడవైపు తిరిగి పడుకునేవాడు. వెనక వరస క్వార్టర్లలో ఛత్తీస్‌గఢీ ఆడపిల్లలు తొక్కుడుబిళ్ళ ఆడుతూ పిలిచేవాళ్ళు. ఆటలో పడితే బండి వేళ దాటిపోతుందని నేను వెళ్ళేదాన్ని కాదు. మధ్యాహ్నాలు ఇంట్లో మామ్మ గురకా, నేనూ. అంత ఒంటరితనం మళ్ళీ ఈ వయసులోనే చూస్తున్నాను.

బండి ఖాళీ అయిపోయాక ప్లాట్‌ఫారం మీద టీ అమ్మే చాచా "ఆజో నఇ ఆఇస్ కా, నోనీ?" అని అడిగేవాడు. ఇవాళా రాలేదా పిల్లా, అని. నేను తల అడ్డంగా ఊపి ఇంటికొచ్చేసేదాన్ని.

ఆ వేసవిలో ఒకరోజు అదే బండిలోంచి మా చిన్నాన్న దిగాడు. నాన్నకి తమ్ముడు. పై చదువులకి దేశం దాటి వెళ్ళి, అక్కడినుంచి ఇంకా ఉత్తరానికి, భూమి నెత్తిమీదికి వెళ్ళిపోయాడు. చలికాలంలో అక్కడ సముద్రం గడ్డకట్టుకుపోతుంది. ఆ మంచుకి కన్నాలు వేసి, ఎంత మందం ఉందో కొలిచే జట్టులో అతనికి ఉద్యోగం. నేను అతని బూట్లు చూసి, మా అమ్మవి కావు కనక పక్కకి తప్పుకుని మళ్ళీ పెట్టెవైపే చూస్తున్నాను. అతను నన్ను పలకరించలేదు. సంచీ కింద పెట్టి నా పక్కనే నిలబడి, చివరి మనిషి దిగేదాకా నేను చూస్తున్నవైపే చూశాడు. అప్పుడు నా చెయ్యి పట్టుకుని ఇంటికి నడిపించాడు.

కాలనీలో మిగిలిన నలుగురూ అతన్ని ఆటపట్టించని రోజు లేదు. మంచులోంచి వచ్చి పెనం మీద పడ్డావేమయ్యా అనేవాళ్ళు. తడి తువ్వాలు నెత్తిన వేసుకుని, వట్టివేళ్ళ తడిక పక్కన కూలబడి, అతనూ నవ్వేవాడు. నాకు మాత్రం అతని మీద వేరే ఆశ ఉంది. వస్తూ వస్తూ వైజాగ్‌లో దిగి అమ్మని చూసి వచ్చాడు. కాబట్టి అసలైన రోజు అతని దగ్గరే ఉండాలి. మొదటి రోజే అడిగాను. అతను నోరు తెరిచేలోపు మామ్మ వంటింట్లోంచి "నౌతపా ఎల్లగానే వొచ్చేస్తాదని సెప్పేను గదే!" అని కేక వేసింది. మరో రెండు రోజులు నన్ను చూసినప్పుడల్లా ఏదో అనబోయి మానేసేవాడు.

మూడోనాడు మధ్యాహ్నం రిక్షా మీద ఒక ఐసు దిమ్మ తెచ్చాడు. స్టేషన్‌లో చేపల బుట్టలకి వేస్తారే, ఊకలో పొర్లించి గోనెపట్టా చుట్టి, ఆ దిమ్మ. ఇద్దరు మనుషులు పట్టి పెరట్లో సిమెంటు నీళ్ళతొట్టిలో దించారు. తెల్లగా పొగలు కక్కుతూ తేలింది. వెనక వరస పిల్లలందరూ వచ్చి పడ్డారు. ముక్కలు కొట్టుకుని, చప్పరించుకుని, ఒకరి వీపులో ఒకరు వేసుకుని కేకలు పెట్టి వెళ్ళిపోయారు. నేనూ నవ్వాననే గుర్తు. అందరూ వెళ్ళాక చిన్నాన్న మామ్మ చేతికర్ర తెచ్చి నా చేతిలో పెట్టాడు. దాని అడుగున ఇనుప పొన్ను ఉండేది. దిమ్మ నడుమ కొట్టమన్నాడు. గట్టిగా, నిండుగా మోగింది. అంచున కొట్టమన్నాడు. అక్కడ అడుగున నీళ్ళు తినేసినట్టున్నాయి, బోలుగా పలికింది. కళ్ళు మూసుకుని మళ్ళీ కొట్టమన్నాడు. కాసేపటికి చూడకుండానే తేడా చెప్పగలిగాను.

అప్పుడు చెప్పాడు. అతను ఉండే ఊళ్ళో చలికాలం మొదట్లో సముద్రం గడ్డకడుతున్నప్పుడు ఎవరూ ముందుగా దాని మీద కాలు పెట్టరట. ఒక ముసలావిడ ఉంది. ఇనుప ములుకు ఉన్న పొడుగాటి కర్రతో ఆవిడ ముందు వెళుతుంది. కొడుతుంది, చెవి పెడుతుంది, ఒక అడుగు వేస్తుంది. మళ్ళీ కొడుతుంది. మిగతా ఊరంతా ఒడ్డున నిలబడి చూస్తుంది. వాళ్ళ తిండి ఆ మంచు అవతలే, సీళ్ళనే జంతువుల వేటలో ఉంది. అందరికీ ఆకలే, అందరికీ తొందరే. అయినా ఆవిడ వెనక్కి తిరిగి వచ్చి ఒకటే మాట చెబుతుంది. ఇక్కడిదాకా చూశాను, గట్టిగా ఉంది. అవతల తెలీదు. ఇంకొంచెం మంచి మాట చెప్పమని ఆవిణ్ణి ఎవరూ అడగరట. చూడని మంచు గురించి ధైర్యం చెప్పడం ఆ ఊళ్ళో లేదు. అలా చెబితే, నమ్మిన మనిషి మునిగిపోతాడు.

ఆవిడ చిన్నతనంలో ఏ నెలలో ఎందాకా నడవొచ్చో అందరికీ కంఠతా వచ్చేదట. ఇప్పుడు మంచు ఆలస్యంగా వస్తోంది, పెళుసుగా వస్తోంది, అలవాటైన చోట్లే మోసం చేస్తోంది. అందుకే ఊరివాళ్ళు చిన్నాన్న జట్టుని కూడా రానిచ్చారు. ఆవిడ కొట్టి చూసేది, వీళ్ళు కన్నం వేసి కొలిచేవాళ్ళు. సాయంత్రం ఆవిడ గుడారంలో చేప ముక్కలు తింటూ రెండూ పోల్చుకునేవాళ్ళు. ఏటికేడూ ఇద్దరి నోటా తెలీదన్న మాటే ఎక్కువవుతోందని నవ్వాడు. ఆ నవ్వులో సంతోషం లేదు.

నాకు అర్థమైంది. తొమ్మిదేళ్ళ పిల్లకి అర్థం కానంత పెద్ద విషయం కాదది. కర్ర పక్కన పెట్టి, రెండు చేతులూ ఐసు మీద ఆన్చి, అమ్మ ఎప్పుడొస్తుందని మళ్ళీ అడిగాను.

అతను నా చేతుల మీద తన చేతులు పెట్టాడు. "సూసినంతవరకూ సెప్తాను తల్లీ. మీ అమ్మ లేచి కూచుంటంది గానీ నడవలేపోతంది. మందు మార్చేరు. నువ్వు అన్నం తింటన్నావా అని అడిగింది. నౌతపా ఎల్లేక వస్తాదా, అసలు వస్తాదా అంటే... నాకు తెల్దు. అందాకా నాను సూడలేదు."

మామ్మ పెరటి గుమ్మంలోంచి విననే విన్నది. "పసిగుంట దగ్గర ఏటా మాటలు? నీకు మతి గానీ పోయిందేట్రా!" అని అతని మీద విరుచుకుపడింది. తిడుతూ తిడుతూ ఏడ్చేసింది. నేనూ ఏడ్చాను. చిన్నాన్న మాత్రం నా చేతుల మీంచి చేతులు తియ్యలేదు. ఐసుకి నా వేళ్ళు కొంకర్లు పోయాయి, అతనివీ పోయే ఉంటాయి. విచిత్రమేమిటంటే, అంత ఏడుపులోనూ నాకు కొంచెం హాయిగా అనిపించింది. అన్నాళ్ళూ అందరూ అమ్మ వచ్చేసిన ఒడ్డున నిలబడి నన్ను పిలుస్తున్నారు, నేనొక్కదాన్నే ఇవతల ఉన్నాను. ఇప్పుడు ఇవతలికి ఇంకో మనిషి వచ్చాడు.

ఏడుపు ఆగాక నాకొక ఆలోచన తట్టింది. ఇన్ని నెలల్లో ఎందుకు తట్టలేదో ఇప్పటికీ ఆశ్చర్యమే. వస్తుందంటే కూర్చుని ఎదురుచూడాలి. తెలీదంటే, వెళ్ళి చూడొచ్చు.

"అయితే నన్ను తీసుకెళ్ళు చిన్నాన్నా" అన్నాను.

ఆ సాయంత్రం నాన్న డ్యూటీ దిగి వచ్చాడు. మామ్మ ఫిర్యాదంతా విన్నాడు. తన ఇనుపపెట్టె మీద కూర్చుని ఒక బూటు విప్పి, రెండోది విప్పడం మరిచిపోయి, చాలాసేపు నన్నే చూశాడు. మర్నాడు వెళ్ళి పాసు రాయించుకొచ్చాడు. మామ్మ జంతికలు చేసి డబ్బాలో పోసింది. నేను రోజూ ఎదురెళ్ళిన బండి వాల్తేరుకి తిరిగి వెళ్తుంటే, నాన్నతో, చిన్నాన్నతో కలిసి దాన్నే ఎక్కాను.

ఆసుపత్రిలో పొడుగాటి వరండా. పిల్లలు దాటకూడదని నేల మీద సున్నంతో గీత గీశారు. గీతకి అవతల కుర్చీలో అమ్మని కూర్చోబెట్టారు. ముందు పాదాలే చూశాను. వాచిపోయి, నున్నగా, ఎవరివో పాదాల్లా ఉన్నాయి. రాయపూర్ ప్లాట్‌ఫారం మీదైతే పోల్చుకునేదాన్ని కాదు. మొహం చూశాక గానీ అమ్మ కాలేదు.

నన్ను చూసి ముందు కళ్ళు తుడుచుకుంది. తరవాత అలవాటుగా మొదలుపెట్టింది. "వానలు పడగానే నానొచ్చేస్తానే, అప్పుడు నీకు..."

"తెల్దంటే తెల్దని సెప్పెయ్యమ్మా. నానేటీ అనుకోను" అన్నాను.

అమ్మ చిన్నాన్నవైపు చూసింది, నాన్నవైపు చూసింది. నవ్వింది, దగ్గు వచ్చింది, దగ్గు తగ్గాక మళ్ళీ నవ్వింది. "తెల్దే తల్లీ. నాకూ బయ్యంగానే ఉంది" అంది. ఆ మాట ఆవిడ అప్పటిదాకా ఎవరితోనూ అని ఉండదు. నాన్న వెళ్ళి ఆవిడ కుర్చీ పక్కన నేల మీద చతికిలబడ్డాడు. ఆ తరవాత సాయంత్రం దాకా మేం ఏవేవో మాట్లాడుకున్నాం. నాకు జడ ఎవరు వేస్తున్నారని, పాలవాడితో మామ్మ పోట్లాటలు ఎంతవరకు వచ్చాయని. నేను గీత ఇవతల కూర్చుని ఐసు దిమ్మ సంగతంతా చెప్పాను. దాచిపెట్టాల్సిందేమీ మిగలకపోతే ఎన్ని కబుర్లుంటాయో ఆ రోజే తెలిసింది.

వానలు మొదలైన కొన్నాళ్ళకి అమ్మ పోయింది.

ఆ తరవాత ఒక్కసారే ఆ బండి వేళకి స్టేషన్‌కి వెళ్ళాను. తూకం మిషను దగ్గర నిలబడలేదు. సరాసరి టీ చాచా దగ్గరికి వెళ్ళాను. అతను ఎప్పటిలాగే అడగబోతే, "మై దేఖ్ కే ఆయీ, చాచా" అన్నాను. నేనే వెళ్ళి చూసొచ్చాను, అని. అతను పెద్దవాళ్ళకి ఇచ్చినట్టు ఒక గ్లాసు టీ పోసి చేతికిచ్చాడు. ఇద్దరం బండి కదిలేదాకా అక్కడే ఉన్నాం.

చిన్నాన్న మళ్ళీ ఉత్తరానికి వెళ్ళిపోయాడు, అక్కడే ముసలివాడయ్యాడు. ముసలావిడ పోయిందని, ఆ కర్ర ఇప్పుడు ఆవిడ మనవరాలి చేతిలో ఉందని ఒకసారి రాశాడు. మంచు మీద ఎక్కణ్ణించో మసి వచ్చి పడుతోందని మరోసారి రాశాడు. ఇప్పుడు రాయపూర్ శంకర్ నగర్‌లో మా మేడ మీద ఆరేసిన బట్టలు తీస్తూ, వాటి మీద ఉర్లా, సిల్తారా ఫ్యాక్టరీల వైపు నుంచి వచ్చిన నల్లటి దుమ్ము దులుపుతున్నప్పుడు నాకు ఆ మాట గుర్తొస్తుంది. చిన్నాన్న పోయినప్పుడు ఆ ఊరివాళ్ళే సాగనంపారు. మాలో ఎవరం వెళ్ళలేకపోయాం.

మా ఆయన ఆసుపత్రిలో ఉన్న చివరి రోజుల్లో, వచ్చినవాళ్ళందరూ వచ్చే నెలకి లేచి తిరుగుతారని చెప్పి వెళ్ళేవాళ్ళు. అందరూ వెళ్ళాక ఆయన నన్ను అడిగారు, ఇంటికొస్తానా అని. నా నోటిచివరి దాకా మామ్మ మాటే వచ్చింది. మింగేశాను. తెలీదండీ అన్నాను. ఆయన కళ్ళు మూసుకుని, హమ్మయ్య అన్నట్టు తల ఊపారు. ఇప్పుడు ఇంట్లో నేనొక్కదాన్నే. మధ్యాహ్నాలు మామ్మ గురక కూడా లేదు.

అయినా ఆ వేసవి నాకు ఇచ్చినది నా దగ్గరే ఉంది. తెలీదన్న మాట అనడానికి నేను భయపడను. అన్నాక చెయ్యి మాత్రం తియ్యను. ఆ రోజు కూడా తియ్యలేదు, ఆయన చెయ్యి ఐసులా చల్లబడేదాకా.